వడ్రంగి పిట్టను ఎక్కడ వెతకాలి, ఏ జాతిదో ఎలా పోల్చుకోవాలి?

మసక ఫోటో ఒకటి పంపి, "వీపు బంగారు రంగులో ఉంది, తల ఎర్రగా ఉంది, ఇది ఏ వడ్రంగి పిట్ట?" అని అడిగే పాఠకులు చాలామంది ఉన్నారు. ఆ రెండు గుర్తులతో జవాబు చెప్పడం కష్టం. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో బంగారు వీపు, ఎర్రజుట్టు ఉన్న వడ్రంగి పిట్టలు ఒకే జాతివి కావు. పైగా మొదట కంటపడే ఎరుపు, పసుపు రంగులే అన్నిటికంటే ఎక్కువగా తికమక పెడతాయి. ముందు చోటు, తరువాత పరిమాణం, ఆపైన తోక మొదలు, మెడ వెనుక భాగం, గొంతు, అన్నిటికంటే చివర తల రంగు అనే వరుసలో చూస్తే చాలా సందేహాలు అక్కడికక్కడే తీరిపోతాయి. ఈ వ్యాసం ఆ వరుసలోనే సాగుతుంది.

కావలసినవి

- 8×42 బైనాక్యులర్స్. పది రెట్లు పెద్దదిగా చూపేది కొంటే ఎక్కువ కనిపిస్తుందని అనుకుంటారు గాని, మెడ పైకెత్తి కొమ్మల్లోకి చూసేటప్పుడు చేతి వణుకు కూడా అన్ని రెట్లు పెరుగుతుంది.
- చిన్న నోటుపుస్తకం, పెన్సిలు. ఫోను ఉన్నా ఇవి అవసరమే; ఎందుకో చివర తెలుస్తుంది.
- ఫోనులో మెర్లిన్ (పిట్టను గుర్తుపట్టడానికి), ఈబర్డ్ (చూసిన పిట్టలను నమోదు చేయడానికి) యాప్‌లు. రెండూ కార్నెల్ విశ్వవిద్యాలయపు పక్షిశాస్త్ర ప్రయోగశాల ఉచితంగా ఇస్తున్నవే.
- మట్టిరంగు బట్టలు, మడమలు కప్పే బూట్లు. వానలు వెనుకబట్టిన తరువాత అడవి గడ్డిలో పిడుదులు ఎక్కువగా ఉంటాయి కాబట్టి ప్యాంటు అంచులను మేజోళ్ళలోకి దోపుకోండి.
- వెళ్ళేది రిజర్వు అడవికో, పులుల అభయారణ్యానికో అయితే అటవీశాఖ అనుమతి, తోడుగా స్థానికుడు ఒకరు. నల్లమలలో తెల్లవారుజామున ఎలుగుబంటి ఎదురుపడటం వింత కాదు. ఒంటరిగా వెళ్ళవద్దు.

బైనాక్యులర్స్ లేకపోయినా ఆగిపోనక్కరలేదు. ఇంటి దగ్గరి కొబ్బరితోటలోనో మామిడితోటలోనో మొదలుపెట్టేవారికి కన్ను, చెవి సరిపోతాయి.

1. ముందు చోటును చదవండి

ఒక్కో జాతికి ఒక్కో రకం చెట్లు ఇష్టం. మీరు నిలుచున్న చోటును బట్టి, పిట్ట కనబడకముందే జాబితాను రెండు మూడు పేర్లకు కుదించుకోవచ్చు.

ఊళ్ళు, తోటలు, నగరాల్లోని పాత చెట్లు: ఇక్కడ దాదాపు ఎప్పుడూ కనబడేది బ్లాక్ రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్. పాత పుస్తకాల్లో దీనినే లెస్సర్ గోల్డెన్‌బ్యాక్డ్ ఉడ్‌పెకర్ అని రాశారు, రెండూ ఒకటే. మనిషి అలికిడికి అలవాటు పడిన జాతి ఇది. కొబ్బరి, మామిడి, తురాయి, నిద్రగన్నేరు, మర్రి చెట్లు ఉంటే చాలు, హైదరాబాదు నడిబొడ్డున ఉన్న కేబీఆర్ పార్కులోనూ ఉంటుంది.

తుమ్మలు, వేపలు, పలచని చిట్టడవి, పొలం గట్ల మీది చెట్లు: ఇలాంటి పొడి నేలల్లో యెల్లో క్రౌన్డ్ ఉడ్‌పెకర్ కోసం చూడండి. దీని పాత పేరు మరాఠా ఉడ్‌పెకర్. గట్టిగా అరిచే పిట్ట కాదు, పరిమాణమూ చిన్నదే. అందువల్ల ఉన్నచోట కూడా చాలామంది దీనిని గమనించరు.

రాతి గుట్టలతో కూడిన, ఆకు రాల్చే పొడి అడవులు: నల్లమల, శేషాచలం వంటి కొండల్లో వైట్ నేప్డ్ ఉడ్‌పెకర్ ఉంటుంది. ఫ్లేమ్‌బ్యాక్ కూడా ఇవే అడవుల్లో తిరుగుతుంది కాబట్టి జాగ్రత్త అంతా ఇక్కడే కావాలి.

వెదురు, టేకు, కొంచెం తేమ ఉన్న అడవి: రూఫస్ ఉడ్‌పెకర్‌కు, స్ట్రీక్ త్రోటెడ్ ఉడ్‌పెకర్‌కు అనువైన చోటు ఇది. రూఫస్ బతుకంతా చెట్టు చీమలతో ముడిపడి ఉంటుంది. కొమ్మల మీద కాగితపు ముద్దలా నల్లగా, గోధుమ రంగుగా వేలాడే చీమల పుట్టను తొలిచి, చీమలు ఉండగానే అందులో గుడ్లు పెడుతుంది. అలాంటి పుట్టలు కనిపించిన అడవిలో ఈ పిట్ట కోసం ఓపిక పట్టడం వృథా కాదు. స్ట్రీక్ త్రోటెడ్ మాత్రం చీమలు, చెదల కోసం తరచు నేలమీదికి దిగుతుంది. చెట్ల మీదనే చూపు నిలిపితే అది మీ కాళ్ళ ముందు నుంచే లేచిపోతుంది.

ఇక 48 సెంటీమీటర్ల పొడవుండే నల్లని వైట్ బెల్లీడ్ ఉడ్‌పెకర్ కావాలంటే పడమటి కనుమలకో, బస్తరు వైపు అడవులకో వెళ్ళాలి. ఎత్తయిన చెట్లు, వాటి మధ్య నిలువునా ఎండిన పెద్ద మాన్లు లేని అడవిలో అది నిలవదు.

2. కాలమూ వేళా ఎంచుకోండి

జనవరి నుంచి మార్చి వరకు అన్నిటికంటే మంచి సమయం. పొడి అడవుల్లో ఆకు రాలిపోయి కొమ్మలు బయటపడతాయి. పిట్టలు జతకట్టే కాలం దగ్గరపడి దరువు వేయడం మొదలుపెడతాయి. ఆ రోజుల్లోనే బూరుగ, మోదుగ పూస్తాయి. పూసిన బూరుగ చెట్టు కింద ఓ అరగంట నిలుచుంటే గోరింకల మధ్య తేనె కోసం వచ్చిన వడ్రంగి పిట్ట కూడా కనబడే అవకాశం బాగా ఉంటుంది.

సూర్యోదయం తరువాత మొదటి రెండు గంటలు విలువైనవి. ఎండ ముదిరాక అడవి మూగబోతుంది. సాయంత్రం వెలుగు పసుపుగా మారి వీపు రంగులను మార్చేస్తుంది కనుక, జాతి తేల్చుకోవడానికి ఉదయమే నమ్మదగినది.

3. కళ్ళకంటే ముందు చెవులు

చెట్టు మీద వినిపించే చప్పుడు రెండు రకాలు. తిండి కోసం పొడిచేటప్పుడు టక్, టక్‌టక్, మళ్ళీ ఆగి టక్ అని లయ లేకుండా ఉంటుంది. హద్దు చాటుకోవడానికి, జతను పిలవడానికి వేసే దరువు అలా కాదు. గట్టిగా మోగే ఎండుకొమ్మను ఎంచుకుని, విడివిడిగా లెక్కపెట్టలేనంత వేగంగా ఒక్క వరుసలో మోగించి ఆపేస్తుంది. మొదటి రకం వినిపిస్తే పిట్ట అదే చెట్టు మీద పైకి పాకుతూ ఉంటుంది. రెండో రకమైతే ఉన్నచోటనే ఉండి కాసేపటికి మళ్ళీ వాయిస్తుంది, కాబట్టి తొందరపడకుండా దిక్కు పట్టుకుని నెమ్మదిగా నడవండి.

ఫ్లేమ్‌బ్యాక్ అరుపు వరుసగా సకిలింపులా సాగే కీచు నవ్వు. తెల్లగొంతు లకుముకి పిట్ట అరుపుకు ఇది దగ్గరగా ఉంటుంది. చెరువు గట్టున విన్నప్పుడు తొందరపడి పేరు రాయవద్దు.

మరొక తికమక: "టుక్, టుక్, టుక్" అని మండుటెండలో కూడా ఆగకుండా వినిపించేది వడ్రంగి పిట్ట పొడుపు కాదు. అది కంసాలి పిట్ట గొంతుతో చేసే కూత.

మెర్లిన్‌లో శబ్దం వినిపించి పేరు తెలుసుకోవచ్చు. కానీ ఆ పేరును సూచనగా మాత్రమే తీసుకుని, కంటితో చూసిన తరువాతనే ఖాయం చేసుకోవాలి. ముఖ్యంగా దరువు విషయంలో యాప్ మీద ఆధారపడకండి.

4. చెట్టు మీది ఆనవాళ్ళు చూడండి

చెట్టు మొదట్లో కూర్చుని నేలను పరిశీలించండి. గోధుమపిండిలాంటి మెత్తని పొట్టు రాలి ఉంటే అది కలప తొలిచే పురుగుల పని. గోరంత, వేలెడంత కొయ్య పేళ్ళు, తాజాగా తెల్లగా ఉన్నవి, ఒకేచోట పడి ఉంటే పైన వడ్రంగి పిట్ట తొర్ర తొలుస్తూ ఉండవచ్చు. పేళ్ళు నల్లబడి ఉంటే ఆ పని ఎప్పుడో ముగిసింది.

తరువాత తలెత్తి తొర్రను చూడండి. వడ్రంగి పిట్ట తొర్ర ద్వారం నున్నగా, గుండ్రంగా ఉంటుంది. అంచులు కొరికినట్టు ఎగుడుదిగుడుగా ఉంటే, వడ్రంగి పిట్ట వదిలేసిన తొర్రను రామచిలుకలు పెద్దది చేసుకున్నాయేమో చూడాలి. సన్నని ఎండుకొమ్మ అడుగు భాగాన ఉన్న చిన్న రంధ్రం చాలాసార్లు కంసాలి పిట్టది. తొర్ర ఉన్నంత మాత్రాన అందులో వడ్రంగి పిట్టే ఉందని అనుకోవద్దు. గోరింకలు, చిన్న గుడ్లగూబలు పాత తొర్రల్లో కాపురం పెడతాయి.

హెచ్చరిక: తొర్రలో గుడ్లు, పిల్లలు ఉన్నాయని అనుమానం వస్తే చెట్టు ఎక్కవద్దు, కర్రతో తట్టవద్దు, ఫోనులో అరుపు వినిపించి బయటికి రప్పించవద్దు. మీరు ఉన్నంతసేపూ తల్లిపక్షి తొర్రకు రాకుండా పక్క చెట్టు మీద అరుస్తూ ఉంటే మీరు మరీ దగ్గర ఉన్నట్టే. వెంటనే వెనక్కి తగ్గండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972 కింద ఇవి రక్షిత పక్షులు. వీటి గూటినీ గుడ్లనూ పాడుచేయడం నేరం.

5. కనబడిన పిట్టను కోల్పోకుండా చూడటం

వడ్రంగి పిట్టకు ఒక అలవాటు ఉంది: మనిషిని చూడగానే ఎగిరిపోవడానికి బదులు మానుకు అవతలి వైపుకు జరిగి, అంచు నుంచి ముక్కు, కన్ను మాత్రమే బయటపెట్టి చూస్తుంది. మీరు చుట్టూ తిరిగితే అదీ చుట్టూ తిరుగుతుంది. ఇద్దరు వెళితే ఒకరు ఉన్నచోటనే కదలకుండా నిలబడి, రెండోవారు దూరంగా పెద్ద చుట్టు తిరిగి అవతలికి వెళ్ళాలి. పిట్ట రెండోవారి నుంచి తప్పుకుంటూ మొదటివారి ముందుకు వస్తుంది. ఒంటరిగా ఉంటే కూర్చుండిపోండి. కొద్ది నిమిషాల్లో అదే బయటికి వస్తుంది.

అది ఎగిరితే కంటితో వెంబడించండి. రెక్కలు నాలుగైదుసార్లు కొట్టి, ముడిచి, కిందికి జారి మళ్ళీ లేస్తూ అలల్లా పోతుంది. వాలేది తరువాతి చెట్టు కింది భాగంలో. అక్కడినుంచి మానును చుట్టుకుంటూ పైకి పాకుతుంది. కాబట్టి చూపు కొమ్మల కొసల మీద కాకుండా మాను మధ్య నుంచి కిందికి ఉండాలి.

6. పరిమాణం తేల్చుకోండి

ఊళ్ళో రోజూ చూసే పిట్టలే కొలబద్దలు. పిచ్చుక కంటే చిన్నది, గోధుమ రంగు నెత్తి, సన్నని కొమ్మలకు తలకిందులుగా కూడా వేలాడేది అయితే బ్రౌన్ క్యాప్డ్ పిగ్మీ ఉడ్‌పెకర్; పొడవు 13 సెంటీమీటర్లు. పిచ్చుకకూ గోరింకకూ మధ్యది, నల్లని వీపు మీద తెల్లని చుక్కలు, పొట్ట కింద ఎర్రమచ్చ ఉన్నది యెల్లో క్రౌన్డ్. గోరింకంత ఉండి ఒళ్ళంతా ఇటుక రంగులో సన్నని నల్లచారలతో ఉంటే రూఫస్. గోరింక కంటే పెద్దది, పావురం కంటే చిన్నది, ఆకుపచ్చ వీపు, పొలుసుల్లాంటి పొట్ట ఉంటే స్ట్రీక్ త్రోటెడ్. అదే పరిమాణంలో బంగారు వీపు ఉంటే తరువాతి మెట్టుకు రండి.

7. బంగారు వీపు పిట్టలను విడదీయడం

పాఠకులు పంపే ఫోటోల్లో అత్యధికం ఇక్కడే చిక్కుకుంటాయి. ఈ కింది వరుస మార్చకుండా చూడండి.

మొదట తోక మొదలు, అంటే రెక్కలు ముగిసి తోక మొదలయ్యే చోటు. పిట్ట రెక్కలు ముడుచుకుని ఉన్నప్పుడు ఇది కనబడదు. ఎగిరే క్షణంలోనో, రెక్క విదిల్చినప్పుడో కనబడుతుంది. అక్కడ నలుపు ఉంటే బ్లాక్ రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్ గాని, వైట్ నేప్డ్ గాని అయి ఉండాలి. ఎరుపు ఉంటే ఆ రెండూ కావు. ఉత్తరాంధ్రలోని తూర్పు కనుమల తేమ అడవుల్లో ఉండే గ్రేటర్ ఫ్లేమ్‌బ్యాక్‌కు, పడమటి కనుమల్లోని మరికొన్ని జాతులకు తోక మొదలు ఎర్రగా ఉంటుంది.

తరువాత మెడ వెనుక భాగం. వైట్ నేప్డ్‌కు మెడ వెనుక తెలుపు మొదలై వీపు పైభాగం వరకు దిగి, దానికి రెండు వైపులా నల్లని భుజాలు ఉంటాయి. వెనుక నుంచి చూస్తే తెలుపు చుట్టూ నలుపు ఆంగ్లాక్షరం 'వి' ఆకారంలో కనబడుతుంది. బ్లాక్ రంప్డ్ ఫ్లేమ్‌బ్యాక్‌కు మెడ వెనుక నలుపే ఉంటుంది.

ఆపైన గొంతు. బ్లాక్ రంప్డ్ గొంతు నల్లగా ఉండి దాని మీద చిన్న తెల్లని చుక్కలు ఉంటాయి. వైట్ నేప్డ్ గొంతు ప్రధానంగా తెలుపు, దాని మీద సన్నని నల్లగీతలు. పిట్ట మానుకు పక్కగా తిరిగినప్పుడు ఈ తేడా తోక మొదలు కంటే తేలికగా దొరుకుతుంది కనుక, ఒకే ఒక్క ఫోటో తీయగలిగితే పక్కనుంచి తీయండి.

చివరగా ముక్కు. వైట్ నేప్డ్ ముక్కు పొడవు, బలం. ఒక్క ముక్కునే చూసి నిర్ణయించవద్దు. మిగతా గుర్తులకు సాక్ష్యంగా మాత్రమే వాడుకోవాలి.

8. ఆడదా, మగదా?

జాతి తేలిన తరువాతనే తల రంగు పనికివస్తుంది. బ్లాక్ రంప్డ్‌లో మగదానికి నెత్తి, జుట్టు మొత్తం ఎరుపు. ఆడదానికి నెత్తి ముందుభాగం నలుపు మీద తెల్లచుక్కలు, వెనుక జుట్టు మాత్రమే ఎరుపు. వైట్ నేప్డ్‌లో మగదాని నెత్తి ఎరుపు, ఆడదానిది పసుపు. పసుపు నెత్తి చూడగానే యెల్లో క్రౌన్డ్ అని రాసేవారు ఇక్కడే పొరబడతారు. పేరులో పసుపు ఉన్నా ఆ పిట్ట చాలా చిన్నది, దాని వీపు మీద బంగారు రంగు అసలే ఉండదు. యెల్లో క్రౌన్డ్‌లో మగదానికి నెత్తి వెనుక ఎర్రమచ్చ ఉంటుంది, ఆడదానికి ఉండదు. రూఫస్‌లో మగదానికి కంటి కింద చిన్న ఎర్రమచ్చ ఉంటుంది. అది చూడాలంటే మంచి వెలుగు కావాలి.

తరచుగా జరిగే పొరపాట్లు

కూకుడుగువ్వను వడ్రంగి పిట్ట అనడం. తెలుగునాట ఇది ఎంత పాతుకుపోయిందంటే, సరిదిద్దితే వాదనకు దిగేవారే ఎక్కువ. తలమీద విసనకర్రలా విచ్చుకునే జుట్టు, సన్నగా వంగిన పొడవాటి ముక్కు, నేలమీద నడుస్తూ మట్టిలో పొడవడం కూకుడుగువ్వ లక్షణాలు. తొర్రలో గూడు పెడుతుంది గాని తొర్ర తొలవదు. వడ్రంగి పిట్ట ముక్కు ఉలిలా తిన్నగా ఉంటుంది. గట్టి తోకను మానుకు ఊతంగా ఆనించి నిలబడుతుంది.

మాను మీద తల కిందికి పెట్టి దిగే చిన్న పిట్టను వడ్రంగి పిట్ట అనుకోవడం. అలా దిగేది నట్‌హాచ్. వడ్రంగి పిట్ట మాను దిగాల్సి వస్తే తల పైకే ఉంచి, వెనక్కి జరుగుతూ దిగుతుంది.

వెలుగుకు ఎదురుగా తీసిన ఫోటోను నమ్మడం. ఆకాశం వెనుక ఉంటే తెల్లని మెడ కూడా నల్లగా పడుతుంది. సూర్యుణ్ణి మీ వీపు వెనుక ఉంచుకునేలా చోటు మార్చుకోండి. అది కుదరకపోతే ఆ ఫోటో ఆధారంగా రంగు గుర్తులేవీ రాయకండి.

పిల్ల పిట్టను కొత్త జాతి అనుకోవడం. ఎండాకాలంలోనూ, ఆ తరువాతా రంగులు మసకబారినట్టున్న పిట్టలు కనబడతాయి. పక్కన పెద్ద పిట్ట ఏదైనా ఉందేమో చూడండి, తరచు ఉంటుంది.

అరుదైన జాతిని చూడాలనే ఆశ కూడా ఒక పొరపాటే. ఊరి మామిడితోటలో బంగారు వీపు కనబడితే అది బ్లాక్ రంప్డ్ అనే మొదట అనుకోవాలి. కాదని చెప్పే గుర్తు స్పష్టంగా చూసినప్పుడే మాట మార్చాలి.

ఫలితం సరిచూసుకోవడం

పిట్ట ఎగిరిపోయిన వెంటనే, యాప్‌గాని పుస్తకంగాని తెరవకముందు, నోటుపుస్తకంలో ఇవి రాయండి: ఏ చెట్టు, ఎంత ఎత్తులో, దేనికంటే పెద్దది, దేనికంటే చిన్నది, తోక మొదలు ఏ రంగు, మెడ వెనుక ఏ రంగు, గొంతు ఎలా ఉంది, ఏం చేస్తోంది. చూడని దానికి ఎదురుగా "చూడలేదు" అని రాయండి. బొమ్మ చూసిన తరువాత రాస్తే, మీరు చూడని గుర్తులను కూడా చూశామనిపించేలా మనసు పూరించేస్తుంది; పెన్సిలూ నోటుపుస్తకమూ తీసుకెళ్ళమన్నది ఇందుకే.

ఆ తరువాత పుస్తకంతోనో మెర్లిన్‌తోనో పోల్చండి. మీరు రాసినవాటిలో కనీసం రెండు గుర్తులు, వాటిలో ఒకటి తల రంగు కానిది, ఒకే జాతికి సరిపోవాలి. చోటు కూడా కుదిరిందా అని చూడండి. కుదరకపోతే పిట్ట తప్పు చోటుకు వచ్చిందని అనుకోవడం కంటే మన పోలిక తప్పిందేమో అని మొదట సందేహించాలి. వీలైతే మరొక ఉదయం అదే చోటుకు వెళ్ళండి. వడ్రంగి పిట్టలు తమ ఇలాకాలోనే తిరుగుతాయి కాబట్టి రెండోసారి దొరికే అవకాశం ఎక్కువ.

ఈబర్డ్‌లో నమోదు చేసేటప్పుడు జాతి తేలకపోతే దగ్గరగా ఉన్న పేరేదో ఎంచుకోవద్దు. జాబితాలో "ఉడ్‌పెకర్ ఎస్పీ" అనే ఎంపిక ఉంది. దానిని ఎంచుకుని, నోటుపుస్తకంలో రాసుకున్న గుర్తులను వ్యాఖ్యల పెట్టెలో ఉన్నవి ఉన్నట్టు ఎక్కించి, ఫోటో మసకగా ఉన్నా జతచేయండి. తరువాత ఆ ప్రాంతపు నమోదులను పరిశీలించేవారికి ఆ గుర్తులే ఆధారం అవుతాయి. జాతి తేలిన రోజున అదే నమోదును తెరిచి పేరు మార్చుకోవచ్చు.